స్లోలో బంద్ పడే పాత బండికి కార్బొరేటర్ కిట్: ఏది వాడాలి, ఏది కవర్లోనే ఉంచాలి

స్పేర్ పార్ట్స్ దుకాణంలో గోడ మేకులకు దండల్లా వేలాడుతుంటాయి ఈ కవర్లు. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ కవరు, లోపల ఒక నల్ల రబ్బరు రింగు, రెండు ఇత్తడి జెట్లు (పెట్రోల్ పోయే సన్న రంధ్రం ఉన్న చిన్న మరలు), ఒక పొడుగు సూది, ఒక పొట్టి సూది, ఒక చిన్న స్క్రూ, చిటికెన వేలి గోరంత స్ప్రింగు. పేరు కార్బొరేటర్ రిపేర్ కిట్. కార్బొరేటర్ అంటే పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం. నల్లగొండలో అడిగినా, జడ్చర్లలో అడిగినా, అచ్చంపేటలో అడిగినా కౌంటర్ మీద మాట ఒకటే: "ఏ బండి అన్నా?" స్ప్లెండర్ అనగానే కవరు చేతిలో పెడతారు. ఏ సంవత్సరం బండి, పాత జెట్ మీద నంబరెంత అని అడిగే దుకాణం దొరికితే దాన్ని వదులుకోవద్దు.

ఈ కవరు కొనేవాళ్లలో ఎక్కువమందిది ఒకటే బాధ. బండి రోడ్డు మీద మంచిగనే పోతుంది. క్లాక్ టవర్ సెంటర్‌లో రేస్ వదిలి బ్రేక్ తొక్కగానే ఇంజన్ స్లోలోకి, అంటే రేస్ లేని నడకలోకి, వచ్చి ఠక్కున బంద్ పడుతుంది. కిక్ కొడితే మళ్లీ స్టార్ట్. తర్వాతి మలుపు దగ్గర మళ్లీ బంద్. ఈ రోగానికి కిట్ మందేనా అన్నదే ఇక్కడ చూసేది.

తీర్పు ముందే చెప్పేస్తాం. కవర్లోని రబ్బర్ల కోసం, ఫ్లోట్ సూది (కార్బొరేటర్ కింది కప్పులోకి వచ్చే పెట్రోల్‌ను ఆపే పొట్టి సూది) కోసం కొనండి. ఇత్తడి జెట్లను కవర్లోనే ఉంచండి. ఇవి మార్చినా నయం కాని బండ్లు చాలానే ఉంటాయి, వాటి రోగం కార్బొరేటర్ బయట ఉంటుంది కాబట్టి.

కింద చెప్పే అంకెలు 97.2 సిసి హోండా రకం ఇంజన్లవి. అంటే 1994లో వచ్చిన స్ప్లెండర్, ఆ తర్వాతి ప్యాషన్, సీడీ డీలక్స్ లాంటివి. మిగతా పాత బండ్లకు పద్ధతి ఇదే, కొలతలు మాత్రం వాటి మాన్యువల్‌లో చూసుకోవాలి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు అమలైనప్పుడు స్ప్లెండర్‌కు ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టారు. ఆ బండ్లకు ఈ కవరుతో పని లేదు.

స్లోలో పెట్రోల్ ఎటు నుంచి వస్తుంది

రేస్ వదిలేస్తే కార్బొరేటర్‌లోని స్లైడ్ కిందికి దిగి గాలి దారిని దాదాపు మూసేస్తుంది. అప్పుడు ఫుల్ రేసులో పెట్రోల్ ఇచ్చే మెయిన్ జెట్‌కు పని లేదు, స్లైడ్‌కు వేలాడే పొడుగు సూదికీ పని లేదు. ఇంజన్ బతికేది పైలట్ జెట్ మీద. మన మెకానిక్‌లు స్లో జెట్ అంటారు దాన్ని. ఈ చిన్న బండ్లలో దాని రంధ్రం 0.4 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. జెట్ మీద 35 అనో 38 అనో కొట్టి ఉండే నంబరు ఇంచుమించు మిల్లీమీటరులో వందో వంతుల లెక్క. అంత సన్నటి దారిలో కంటికి కనపడని జిగురు పొర పేరుకున్నా స్లో చచ్చిపోతుంది. అదే పొర మెయిన్ జెట్‌లో ఉంటే బండికి తెలియను కూడా తెలియదు. రోడ్డు మీద బాగుండి ఆపగానే బంద్ పడడం వెనక లెక్క ఇదే.

కాబట్టి స్లోలో ఆగే బండికి సూది క్లిప్పును ఒక గాడి పైకో కిందికో మార్చి చూడడం, మెయిన్ జెట్ నంబరు పెంచడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. సగం రేసులో, ఫుల్ రేసులో తేడా వస్తుంది, మైలేజీ పోతుంది, ఆగే రోగం ఆగేదగ్గరే ఉంటుంది. అయినా చాలా షెడ్లలో మొదట చేసేది ఇదే.

జిగురు ఎక్కడి నుంచి వస్తుందంటే, నిలబడ్డ బండి నుంచి. పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు పోయినోళ్ల బండ్లలో ఇది మామూలు. ఆరు నెలలు ఇంటి ముందు కవర్ కప్పుకుని ఉన్న బండిలో, కార్బొరేటర్ కింది కప్పులోని పెట్రోల్ మెల్లగా ఆవిరై అడుగున గోధుమరంగు బంక మిగులుతుంది. పండక్కి వచ్చి కిక్ కొడితే స్టార్ట్ అవుతుంది, చోక్ మీద నడుస్తుంది, చోక్ తీయగానే బంద్. ఊరు వదిలేటప్పుడు పెట్రోల్ కాక్ మూసి, కప్పు కింది డ్రెయిన్ స్క్రూ ఒకటి రెండు చుట్లు విప్పి ఆ కాస్త పెట్రోల్‌ను సీసాలోకి వదిలేస్తే ఈ బాధ ఉండదు. రెండు నిమిషాల పని.

ఇంకోటి ఇథనాల్. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై ఇప్పుడు బంకుల్లో మామూలైపోయింది. ఇథనాల్ నీళ్లను పీల్చుకుంటుంది. నీళ్లు మోతాదు దాటితే పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి, అడుగున ఉన్నది పైలట్ జెట్. పాత రబ్బర్లు ఈ పెట్రోల్‌కు ఉబ్బడమో, గట్టిపడి పగలడమో చేస్తాయి. పైగా మామూలు పెట్రోల్ ఒక పాలుకు బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి, 20 శాతం ఇథనాల్ ఉంటే 13.5 దగ్గరే సరిపోతుంది. జెట్ మారలేదు, పెట్రోల్ మారింది. ఇంజన్‌కు గాలి ఎక్కువైనట్టు అనిపిస్తుంది, ఆ తేడా ముందుగా స్లోలోనే బయటపడుతుంది. ఇరవై ఏళ్ల కిందటి సెట్టింగు ఇప్పుడు సరిపోవడం లేదంటే అందులో మెకానిక్ తప్పేమీ లేదు.

కవరు కొనకముందు

చోక్ పరీక్ష అన్నిటికంటే చవక. ఇంజన్ బాగా వేడయ్యాక, స్లోలో తడబడుతున్నప్పుడు చోక్ సగం లాగండి. తేరుకుని నిలబడితే పెట్రోల్ తక్కువ పడుతోంది, లేదంటే ఎక్కడి నుంచో బయటి గాలి తీసుకుంటోంది. అలాంటి బండికి కిట్ పనికొచ్చే అవకాశం ఉంది. చోక్ లాగగానే ఇంకా తొందరగా ఆగితే పెట్రోల్ ఇప్పటికే ఎక్కువవుతోంది, లేదంటే గొడవ వేరేచోట ఉంది.

రేస్ వదిలినప్పుడు చప్పుడు గమనించండి. స్పీడు వెంటనే దిగకుండా కాసేపు పైనే వేలాడి, తర్వాత ఒక్కసారిగా పడి ఆగితే అది ఎయిర్ లీక్ లక్షణం. ఇంజన్ స్లోలో ఉండగా కార్బొరేటర్‌కూ ఇంజన్ హెడ్‌కూ మధ్య జాయింట్ల మీద చిన్న స్ప్రే సీసాతో నీళ్లు చిమ్మండి. చప్పుడు మారిందంటే లీక్ అక్కడే. కార్బ్ క్లీనర్‌తోనూ ఇది చేస్తారు కానీ అది అంటుకునే ద్రవం, పక్కనే కాలుతున్న ఇంజన్ ఉంది. నీళ్లు చాలు.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, పది పదిహేను కిలోమీటర్లు పోయాక ఆగే బండికి కిట్ కంటే ముందు టాపెట్లు, అంటే వాల్వ్‌కూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు, చూడాలి. బిగిసిన టాపెట్ వల్ల వాల్వ్ పూర్తిగా మూసుకోదు. ఇంజన్ వేడెక్కినకొద్దీ సందు ఇంకా తగ్గుతుంది, కంప్రెషన్ కారుతుంది. రేసులో ఆ నష్టం కప్పిపోతుంది, స్లోలో కప్పిపోదు. టకటక చప్పుడు చేసే టాపెట్ గురించి అందరూ షెడ్డుకు పోతారు. వాల్వ్ సీటు అరిగి బిగుసుకుపోయిన టాపెట్ చప్పుడే చేయదు, "ఇంజన్ సైలెంట్‌గా ఉంది" అని సంతోషపడతాం. చూడాల్సింది రాత్రంతా చల్లారిన ఇంజన్ మీద, పొద్దున్నే. ఇంజన్ పక్కన తిరిగే మ్యాగ్నెట్ మీది టి గుర్తును ఇంజన్ కవర్ మీది గీతకు కలపాలి, రెండు రాకర్లూ వేలితో కదిపితే కొద్దిగా ఆడాలి. ఆడకపోతే ఎగ్జాస్ట్ స్ట్రోక్ మీద ఉన్నట్టు, క్రాంకును ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. సందు ఎంతన్నది మీ మోడల్ మాన్యువల్ చెప్పినంతే, అది మిల్లీమీటరులో పదో వంతు కూడా దాటదు. సందు కొలిచే ఫీలర్ గేజ్ లేకుండా "అందాజుగా" పెట్టే చేతికి బండి ఇవ్వకండి.

న్యూట్రల్‌లో ఎంతసేపైనా నడిచి, గేరులో క్లచ్ పట్టుకుని నిలబడితేనే ఆగుతుందా? అప్పుడు క్లచ్ పూర్తిగా విడవట్లేదు. లీవర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. అంతకంటే ఎక్కువ ఉంటే కేబుల్ సర్దితే సరిపోతుంది. ఈ ఒక్కటి చూసుకోక కార్బొరేటర్ విప్పించుకునేవాళ్లు తక్కువేమీ కాదు.

హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిప్పండి. స్లో చప్పుడు మారితే రేస్ కేబుల్ ఎక్కడో పట్టేస్తోంది. రేస్ పిడికి 2 నుంచి 6 మిల్లీమీటర్ల ఖాళీ ఆట ఉండాలి.

ప్లగ్ తీసి చూడండి. పాత స్ప్లెండర్ రకం బండ్లకు సందు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. కొస మసిబట్టి నల్లగా పొడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువ, తెల్లగా కాలినట్టుంటే తక్కువ, తడిగా ఆయిల్ ఉంటే పిస్టన్ రింగులు గానీ, వాల్వ్ సీళ్లు గానీ అరిగాయి. ఎయిర్ ఫిల్టర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు: చెల్క దారుల ఎర్రదుమ్ము, వరికోతలప్పుడు గాలిలో లేచే పొట్టు, రెండూ దానిలోనే చేరతాయి. ప్రెషర్ నీళ్లతో సర్వీసింగ్ చేయించిన మరునాడే బండి ఆగడం మొదలైతే ముందు ఫిల్టర్ డబ్బా తెరవండి, లోపల తడి ఉంటుంది.

చివరగా డ్రెయిన్ స్క్రూ విప్పి కప్పులోని పెట్రోల్‌ను గాజు గ్లాసులోకి వదలండి. కాసేపు కదపకుండా పెట్టి పక్క నుంచి చూడండి. అడుగున ముత్యాల్లాగ ఉండ కట్టినవి నీళ్లు. ఎర్రటి పొడి ట్యాంకు తుప్పు. తుప్పు కనబడితే ట్యాంకు, కాక్ జాలీ కడగకుండా కిట్ వేయడం పొయ్యి ఆర్పకుండా పాలు దించి మళ్లీ ఎక్కించినట్టే, వారంలో పొంగుతుంది.

కవరు విప్పితే

అన్నిటికంటే విలువైనది కింది కప్పు చుట్టూ వచ్చే పెద్ద రబ్బరు రింగు. పాతది ఒకసారి విప్పితే ఉబ్బి గాడిలో కూర్చోదు, ఎంత బిగించినా పెట్రోల్ చెమరుస్తూనే ఉంటుంది. లోకల్ కవర్లలో కూడా ఇది చాలావరకు సరిగ్గానే కూర్చుంటుంది. మందం మాత్రం పాతదాని పక్కన పెట్టి చూసుకోండి.

రెండోది ఫ్లోట్ సూది, ఆ పొట్టి సూది. దాని కొసకు రబ్బరు ఉంటుంది. పాతదాన్ని వేలికి తిప్పుతూ వెలుతురులో చూస్తే కొస చుట్టూ ఉంగరంలాగ గీత పడి కనబడుతుంది. గోరు తగిలితే ఆగేంత గీత ఉంటే అది మూసుకోవట్లేదు, కప్పులో పెట్రోల్ మట్టం పెరుగుతుంది, స్లోలో ఎక్కువ పడి ఆగుతుంది. కొత్త సూది వేశాక కార్బొరేటర్‌ను తలకిందులుగా పట్టుకుని పెట్రోల్ పైపులోకి నోటితో మెల్లగా ఊదండి. గాలి పోకూడదు. నిటారుగా తిప్పితే పోవాలి. తలకిందులుగా ఉన్నప్పుడూ గాలి జారితే సూది తప్పు కాకపోవచ్చు, అది కూర్చునే ఇత్తడి సీటు మురికిగా ఉండొచ్చు. దూది పుల్లను పెట్రోల్‌లో ముంచి సీటులో తిప్పండి. ఎమరీ పెట్టారంటే సీటు పోయినట్టే, కిట్‌లో సీటు రాదు.

మూడోది స్లోలో పెట్రోల్, గాలి పాళ్లను సర్దే మిక్చర్ స్క్రూ, దాని స్ప్రింగు, ఆవగింజంత వాచర్, అంతకంటే సన్నటి ‘ఓ’ రింగు (గుండ్రటి రబ్బరు రింగు). ఇక్కడ జాగ్రత్త. పాత ఓ రింగు స్క్రూతోపాటు బయటికి రాదు, రంధ్రం అడుగునే అతుక్కుని ఉండిపోతుంది. అది చూడకుండా కొత్తది దాని మీద ఎక్కిస్తే స్క్రూ ఎంత తిప్పినా సెట్టింగు దొరకదు. సన్నటి తీగ కొస వంచి పాతదాన్ని బయటికి లాగి, ఆ తర్వాతే కొత్తది. వరుస ఇలా: స్క్రూకు ముందు స్ప్రింగు, తర్వాత వాచర్, కొసకు ఓ రింగు. స్క్రూ విషయంలో మా మాట: పాత స్క్రూ కొస వంగకుండా, గీత పడకుండా ఉంటే దాన్నే వాడండి. కవర్లో వచ్చే దాని కొస వాలు కొద్దిగా తేడా ఉన్నా పావు చుట్టుకు రావాల్సిన మార్పు ఒక చుట్టు తిప్పినా రాదు.

ఇక జెట్లు. లోకల్ కవర్లలో మా ఫిర్యాదంతా వీటి మీదే. నంబరు సరిగ్గానే కొట్టి ఉంటుంది, రంధ్రం ఆ నంబరుకు తగ్గట్టు ఉండదు. కొన్నిటిలో డ్రిల్లు రజను లోపలే ఉంటుంది, కొన్నిటి పక్క రంధ్రాలు పాతదాని కంటే తక్కువ. ఇత్తడి పెట్రోల్‌కు అరగదు. పాత జెట్‌కు కావాల్సింది శుభ్రం, మార్పు కాదు. తీగతో పొడిచి రంధ్రం పెద్దది చేసి ఉంటేనో, తల గాడి చెరిగిపోయి ఉంటేనో తప్ప కంపెనీ జెట్‌ను తీసేయకండి. తీయాల్సి వస్తే కవర్లోది కాకుండా కంపెనీ జెట్‌నే విడిగా కొనండి.

కవర్లో లేనిదాని గురించి కూడా చెప్పాలి. కార్బొరేటర్ ముఖానికీ ఇన్సులేటర్‌కూ (ఇంజన్ వేడి కార్బొరేటర్‌కు పాకకుండా అడ్డు పెట్టే దిమ్మ) మధ్య గాడిలో కూర్చునే ఓ రింగు, ఇన్సులేటర్ అవతలి పక్క ప్యాకింగు చాలా కవర్లలో రావు. ఎయిర్ లీక్‌కు మూలం ఎక్కువసార్లు ఇవే. వేడికి రబ్బరు గట్టిపడి, బల్లపరుపుగా అణిగి, గాడితో సమానమైపోతుంది. స్లోలో ఆగే బండికి అసలు మందు కవరు బయట ఉండడం ఈ సరుకులో పెద్ద లోపం. రెండూ విడిగా అడిగి తీసుకోండి, ఖర్చు చాయ్ బిస్కెట్ లెక్కలోనే ఉంటుంది.

లోకల్ కవరుకు ఐదులో రెండున్నర. బండి కంపెనీ పార్టు నంబరుతో వచ్చే సీల్ కవరుకు నాలుగు, అదీ దొరికితే.

విప్పి కడగడం

కప్పు స్క్రూలు ప్లస్ గుర్తువే కానీ మామూలు స్క్రూ డ్రైవర్‌కు సరిగ్గా పట్టవు. సరైన సైజు బిట్ పెట్టి, పిడి మీద ఒక్క దెబ్బ కొట్టి, అప్పుడు తిప్పితే తల చెడకుండా వస్తాయి. విప్పేముందు మిక్చర్ స్క్రూను మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు అడుగు తగిలిందో రాసుకోండి. తగలగానే ఆగాలి. బిగిస్తే కొస విరిగి లోపలే ఇరుక్కుంటుంది, అప్పుడు కార్బొరేటరే మార్చాలి. కొన్ని మోడళ్లలో కార్బొరేటర్ పక్కన థ్రాటిల్ స్విచ్ వైరు ఉంటుంది, కనెక్టర్ విప్పాలి తప్ప వైరు లాగొద్దు.

పైలట్ జెట్‌ను తీసి వెలుతురుకు పెట్టి ఒక కన్నుతో చూడండి. గుండ్రటి చుక్క వెలుగు కనబడాలి. నెలవంకలాగ కనబడితే ఒక పక్క పేరుకున్నట్టు. కార్బ్ క్లీనర్ చిమ్మి పదిహేను నిమిషాలు నానబెట్టి, మళ్లీ చిమ్మి, గాలి కొట్టండి. పంక్చర్ షాపు కంప్రెషర్ చాలు. బంక గట్టిగా ఉంటే ఎలక్ట్రికల్ దుకాణంలో 40/76 అని అడిగే వైరులోంచి ఒక్క రాగి పోగు లాగండి. దాని మందం 0.2 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ, రాగి మెత్తన, ఇత్తడిని గీయదు. పిన్నీసు, క్లచ్ కేబుల్ ఉక్కు పోగు వద్దే వద్దు. ఇత్తడి కదా అని చింతపండు, నిమ్మరసంలో నానబెట్టేవాళ్లు ఉన్నారు. ఇత్తడి బిందెకు అది సరే. కార్బొరేటర్ బాడీ అల్యూమినియం కలిసిన లోహం, పులుపు దాన్ని తింటుంది.

జెట్ ఒక్కటి కడిగి బిగించేస్తే సగం పనే. బాడీలో జెట్ నుంచి స్లైడ్ కిందికి పోయే సన్నదారి కూడా తెరుచుకోవాలి. మిక్చర్ స్క్రూ రంధ్రంలోంచి క్లీనర్ చిమ్మి, స్లైడ్ తిరిగే గొట్టంలోకి చూడండి. ఇంజన్ వైపు అంచు దగ్గర సూదిమొన లాంటి రంధ్రాల నుంచి చుక్కలు రావాలి. చిమ్మేటప్పుడు కళ్లజోడు పెట్టుకోండి, ఏ రంధ్రంలో కొట్టింది ఏ రంధ్రంలోంచి మొహం మీదికి వస్తుందో చెప్పలేం. రబ్బర్లన్నీ, ఫ్లోట్ కూడా పక్కకు తీశాకే క్లీనర్ వాడాలి.

బిగించేముందు కార్బొరేటర్ ముఖం మీద స్టీలు స్కేలు అంచున నిలబెట్టి వెలుతురుకు పట్టండి. చాలా బండ్లలో మధ్యలో సందు కనబడుతుంది, ఎందుకంటే లీక్ ఆపాలని రెండు నట్లనూ ఏళ్ల తరబడి బలంగా బిగిస్తే చెవులు వంగుతాయి. గాజు పలక మీద సన్న ఎమరీ కాగితం పరిచి, ముఖాన్ని ఎనిమిది ఆకారంలో రుద్ది చదును చేయాలి. తర్వాత 6 మిల్లీమీటర్ల మర నట్లకు 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. టార్క్ పాన లేకపోతే చిన్న పాన మెడ దగ్గర పట్టుకుని, ఇటొకసారి అటొకసారి మార్చి బిగించండి.

స్లో పెట్టడం

నాలుగైదు కిలోమీటర్లు తిప్పి ఇంజన్ వేడి చేయాలి. చల్లటి ఇంజన్ మీద పెట్టిన స్లో పనికిరాదు. ముందు మిక్చర్ స్క్రూ ఎక్కడుందో చూడండి. స్లైడ్‌కు ఇంజన్ వైపు ఉంటే అది పెట్రోల్ స్క్రూ: లోపలికి తిప్పితే పెట్రోల్ తగ్గుతుంది. ఫిల్టర్ వైపు ఉంటే గాలి స్క్రూ: లోపలికి తిప్పితే గాలి తగ్గి పెట్రోల్ పాలు పెరుగుతుంది. ఈ తేడా తెలియక అటుది ఇటు తిప్పే చేతులు ఎక్కువ.

అడుగు తగిలించి ఒకటిన్నర నుంచి రెండు చుట్లు బయటికి విప్పి మొదలుపెట్టండి. స్లైడ్‌ను కొద్దిగా ఎత్తి పట్టే స్లో స్క్రూతో ఇంజన్‌ను కొంచెం పైన నడిపిస్తూ, మిక్చర్ స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పి, ప్రతిసారీ పది సెకన్లు ఆగి వినండి. చప్పుడు ఎక్కడ అన్నిటికంటే పైకి, అన్నిటికంటే నున్నగా ఉందో అక్కడ ఆపండి. ఇప్పుడు స్లో స్క్రూతో నిమిషానికి 1,400 చుట్లకు (ఆర్‌పీఎం) దించండి, వంద అటూ ఇటూ పర్వాలేదు. మళ్లీ మిక్చర్, మళ్లీ స్లో, రెండు సార్లు. ఇథనాల్ పెట్రోల్ మీద నడిచే పాత బండికి ఆ చోటు నుంచి పావు చుట్టు పెట్రోల్ పెంచే వైపు పెడితే వేడిలో కూడా నిలబడుతుంది.

స్క్రూ ఎంత తిప్పినా చప్పుడులో మార్పే లేకపోతే రెండే కారణాలు. పైలట్ దారి ఇంకా మూసుకునే ఉంది, లేదంటే స్లో స్క్రూతో స్లైడ్‌ను మరీ పైకెత్తి పెట్టారు, ఇంజన్ పైలట్ జెట్ మీద కాక స్లైడ్ తెరిచిన దారి మీద నడుస్తోంది. పెట్రోల్ స్క్రూను పూర్తిగా మూసినా ఆగని ఇంజన్‌ది రెండో రకం. రోగం దాచడానికి షెడ్లలో చేసే ఉపాయం కూడా ఇదే: స్లో పెంచి పంపడం. సిగ్నల్ దగ్గర ఆగదు, గేరు వేస్తే దడాలుమంటుంది, దిగుడులో ఇంజన్ బ్రేక్ పట్టదు.

కిట్ కాకుండా

ఒక్క డబ్బా కార్బ్ క్లీనర్, రెండు ఓ రింగులు. జిగురుతో ఆగే బండికి ఇదే చాలు. కింది కప్పు రింగు ఉబ్బి తిరిగి కూర్చోకపోతేనో, ఫ్లోట్ సూదికి గీత పడితేనో అప్పుడు కిట్ కవరు తెచ్చుకోండి.

కొత్త లోకల్ కార్బొరేటర్ గురించి అడుగుతుంటారు. ఒరిజినల్ ధర వేలల్లో ఉంటుంది, లోకల్‌ది అందులో చిన్న భాగం. కానీ అందులో వచ్చే జెట్లు కవర్లోని జెట్ల తోబుట్టువులే. పాత బాడీలో స్లైడ్ అరిగి, వేలితో కదిపితే అటూ ఇటూ టకటకలాడుతుంటేనే కార్బొరేటర్ మార్చాలి, ఎందుకంటే ఆ సందులోంచి వచ్చే గాలిని ఏ కిట్టూ ఆపలేదు. అప్పుడు కూడా లోకల్ బాడీ కొంటే పాత జెట్లను విప్పి అందులో వేయండి, మర కలిస్తే.

ఒక రకం బండికి మాత్రం పైవేవీ పనిచేయవు. బాగా వేడెక్కాక ఆగి, ఎంత కిక్ కొట్టినా లేవక, అరగంట చెట్టు నీడన నిలబెడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. అది ఆగిన నిమిషంలోనే ప్లగ్ విప్పి, క్యాప్‌కు తగిలించి, ప్లగ్ మరను ఇంజన్ ఇనుముకు ఆనించి కిక్ కొట్టండి. ప్లగ్ రంధ్రానికి దూరంగా పట్టుకోవాలి, అక్కడి నుంచి పెట్రోల్ ఆవిరి వస్తుంది. నీలం నిప్పురవ్వ లేకపోతే వేడికి పల్సర్ కాయిల్ గానీ, ఇగ్నిషన్ కాయిల్ గానీ, సీడీఐ గానీ (మూడూ ప్లగ్‌కు నిప్పురవ్వ అందించే కరెంటు భాగాలు) మొండికేస్తోంది. ఈ పరీక్ష కిట్ కవరు చింపకముందే చేయండి. చింపని కవరు వాపసు తీసుకుంటారా అని కొనేటప్పుడే దుకాణంలో అడిగి పెట్టుకోండి.